ఎదుటి గట్టు

అక్టోబరు 14
గట్టు కొలబద్ద మీద నీళ్ళు అడుగున్నర. గాలి లేదు.
చేపల కాలం అయిపోయింది కదా, పడవను ఒడ్డుకు లాగాను. మోకు చేతిలోంచి జారింది. కుడి భుజం కొంచెం పట్టేసింది.

అక్టోబరు 15
నీళ్ళు అడుగున్నర. చొక్కా ఎడమచేత్తో తొడుక్కున్నాను. రెండ్రోజుల్లో సర్దుకుంటుంది.

అక్టోబరు 19
వాన. నీళ్ళు మూడడుగులు, టీ రంగు. భుజం ఇంకా సర్దుకోలేదు. ఇంకో రెండ్రోజులు.

అక్టోబరు 28
రెండ్రోజులుగా నీళ్ళు చూడలేదు. ఎల్గిన్ పట్నం వెళ్ళి డాక్టరుకు భుజం చూపించుకొచ్చాను. కుర్రాడు. లోపల నరం తెగిందన్నాడు. డెబ్భై ఏళ్ళవాడికి కుట్టినా అతకదట, చెయ్యి ఇక భుజం దాటి లేవదట. వాళ్ళకేం తెలుసు, ఏడాదికొక మాట చెబుతారు.

ఎఫీని ఒంటరిగా ఇంట్లో వదల్లేక వాళ్ళ చెల్లెలింట్లో ఉంచాను. అదే తప్పయింది. అక్కడ మా ఇంట్లోలా మేడమెట్లు లేవు. మెట్ల కోసం ఇల్లంతా వెతికిందట. గోడల్ని తడుముకుంటూ ఏడ్చిందట. నేను వెళ్ళేసరికి కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మా ఆయన ఏటికాపరి. ఆయన వస్తే నన్ను మా ఇంటికి పంపించండి" అని నాతోనే అంది.

ఇంటికొచ్చి తలుపు తీయగానే కోటు కొక్కేనికి తగిలించి, కెటిల్లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. దేనికీ వెతుక్కోలేదు. నా పేరు మర్చిపోతుందిగానీ, ఈ ఇంట్లో చెంచా ఎక్కడుందో మర్చిపోదు.

నవంబరు 6
నీళ్ళు రెండడుగులు. గాలి ఎగువకు.
స్ట్రాకన్ గారి ఉత్తరం వచ్చింది. ఈ గట్టు కొన్న కొత్త యజమాని పెట్టిన మేనేజరు. ఇప్పుడొచ్చే అతిథులకు చేపలు పట్టించడం ఒక్కటే చాలదట, రెండు చేతులతో పట్టే గాలపు కర్రతో తాడు విసరడం నేర్పించాలట. అందుకని ఫిబ్రవరి మొదటి వారంలో ఏటికాపరులందరూ ఆయన ముందు విసిరి చూపాలి. గాలి ఎటు కొట్టినా విసరగలగాలి. విసరలేనివాళ్ళకు పని ఉండదు.

ఈ ఇల్లు పనితో వచ్చింది. పనితోనే పోతుంది. అది ఉత్తరంలో రాయలేదు. రాయక్కర్లేదు.

నవంబరు 7
కర్ర తీశాను. చేపలు పట్టకూడని రోజులు కనుక గాలం తీసేసి తాడు కొసన ఎర్ర ఉన్ని కట్టాను. కుడిచెయ్యి పైన పెట్టి ఎత్తాను. చెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోయింది. పదిహేనడుగుల కర్ర, ఒకప్పుడు పుల్లలా ఉండేది.
చలికి బిగుసుకుంది అంతే.

నవంబరు 9
చలి కాదు.

నవంబరు 12
నీళ్ళు రెండడుగులు. గాలి ఎగువకు.
ఎడమచెయ్యి పైన పెట్టాను. కుడిచెయ్యి కింద పిడిని పట్టుకుని ఊరికే నిలబడితే చాలు, అది దానికి చేతనవుతుంది. నలభై ఏళ్ళు కుడిచేత్తోనే నెట్టుకొచ్చాను. అతిథులకు ఎడమచెయ్యి గురించి నోటితో చెప్పేవాణ్ణి, చేసేవాణ్ణి కాదు.

తాడు కాళ్ళకు చుట్టుకుంది. టోపీ ఏట్లో పడి కొట్టుకుపోయింది.

ఎదుటి గట్టు ఏటికాపరి ఆర్చీ గెడిస్ కంచెకు మేకులు కొడుతున్నాడు. సుత్తి ఆపి మరీ అరిచాడు.
"ఏంటోయ్ లాచీ! ఈగలు తోలుతున్నావా?"
"నీ గట్టు చూసుకోవోయ్!"
"నా గట్టు బాగానే ఉంది. నీ టోపీ నా గట్టుకే వస్తోంది!"

పంతొమ్మిదేళ్ళ కిందట మా అతిథి ఒకడు మడుగు సగం దాటించి విసిరి, అతని గట్టు కింది చేపను పట్టుకున్నాడు. సగం దాటి విసరకూడదు, అది రెండు గట్ల మర్యాద. నేను ఆపాల్సింది. మొహమాటపడి ఆపలేదు. అప్పట్నుంచి మా మధ్య ఇవే మాటలు.

నవంబరు 14
టోపీ ఏటి మధ్య రాయి మీద ఆరేసి ఉంది. అతను నడుములోతు నీళ్ళలో వచ్చి పెట్టి ఉండాలి. తెచ్చుకున్నాను.

నవంబరు 21
నీళ్ళు అడుగున్నర. గాలి ఎగువకు.
ఎఫీని ఏటి గుడిసెలో పొయ్యి పక్కన కూర్చోబెట్టి ప్రాక్టీసు చేస్తున్నాను. కిటికీలోంచి ఆమెకు నేను కనపడతాను, నాకు ఆమె కనపడుతుంది.

కుడిచెయ్యి పైన ఉన్నన్నాళ్ళూ ఆలోచించలేదు. ఇప్పుడు రాసుకుంటేగాని బుర్రకెక్కడం లేదు. గాలి ఎగువకు కొడితే ఒంటి విసురు. తాడును నీళ్ళ మీంచి ఎగువ పక్కకు తిప్పి తేవాలి, కొస మాత్రం నీటిని ముద్దు పెట్టుకున్నట్టు తాకాలి, మిగతాది భుజం వెనక విల్లులా వంగాలి, అప్పుడు తోయాలి. నేను నిలబడే గట్టున ఎగువంటే నాకు ఎడమ పక్క. కనుక ఎడమచెయ్యి పైన. సరిపోయింది. గాలి ఎగువకు ఉన్నన్ని రోజులూ బతికిపోతాను.

ఆర్చీ కూడా కర్ర పట్టుకుని ఏట్లోకి దిగాడు. పని లేదేమో. మా స్పే ఏటి మీద అతని విసురుకు పేరుంది, తిరునాళ్ళలో బహుమతులు కొట్టినవాడు. చూడాలని లేకపోయినా చూడబుద్ధేస్తుంది.

నవంబరు 25
గాలి ఎగువకు. ఆర్చీ మళ్ళీ దిగాడు. పదకొండింటికి, నేను దిగిన వేళకే.
మెల్లగా విసురుతున్నాడు. వయసు అతనికీ వచ్చింది.

నవంబరు 26
అతని గట్టున ఎగువంటే అతనికి కుడి పక్క. కనుక కుడిచెయ్యి పైన పెడతాడు. ఇక్కణ్ణించి చూస్తే నా ఎడమచెయ్యి ఎక్కడుండాలో అతని కుడిచెయ్యి సరిగ్గా అక్కడుంటుంది. అతను ఎత్తినప్పుడు ఎత్తాను. అతను తిప్పినప్పుడు తిప్పాను. తాడు పోయింది. పది గజాలే. కానీ తిన్నగా పోయింది.
అతని దగ్గర నేర్చుకోవడం కాదిది. ఎదురుగా ఉన్నాడు, కనపడ్డాడు, అంతే.

డిసెంబరు 3
నీళ్ళు రెండడుగులు. గాలి ఎగువకు. పద్దెనిమిది గజాలు. ఎఫీకి జలుబు. బార్లీ సూపు తాగింది. భుజం మామూలే.

డిసెంబరు 9
నీళ్ళు రెండడుగులు. గాలి దిగువకు.
రాయాలంటే సిగ్గుగా ఉంది.

గాలి దిగువకు కొట్టేటప్పుడు తాడు దిగువ పక్కనే ఉండాలి. ఎగువ పక్క పెట్టావా, గాలి దాన్ని తెచ్చి నీ మొహానికే కొడుతుంది. ఏట్లో దిగే ప్రతి అతిథికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. దిగువ పక్క నాకు కుడి భుజం. ఆ భుజం రాదు. ఎడమ భుజం మీంచి ఒంటి విసురు ఒక్కటే వచ్చు. గాలి అంత గట్టిగా లేదులే అనుకున్నాను. పైగా ఉన్నికి బరువు చాలడం లేదని ఇవాళ ఈకల గాలం కట్టాను.

మూడో విసురుకు గాలం చెవిలో దిగింది. ముల్లు దాకా.

ఒక చెయ్యి లేవదు, రెండో చేత్తో తీద్దామంటే చెవి వెనక కనపడదు. గుడిసెలోకి వెళ్ళాను. ఎఫీ నన్ను చూసి కుర్చీ చూపించింది.
"కూర్చోండి బాబూ. భయమేం లేదు. మా ఆయన అతిథులందరికీ నేనే తీస్తాను."

దారం ముక్క తెమ్మంది. గాలం వంపులో మెలి వేసింది. ఒక వేలితో గాలం కాడను అదిమిపట్టి, మాట్లాడుతూనే ఉంది. "ఏ ఊరు మీది? నీళ్ళు చల్లగా ఉన్నాయా?" చల్లగా ఉన్నాయి అనేలోపు దారం ఒక్క గుంజు గుంజింది. వచ్చేసింది. నొప్పి తెలియలేదు.

"గాలి చూసుకోవద్దూ?" అంది. "మా ఆయన చెప్పలేదూ మీకు?"
చెప్పాడన్నాను.

బయటికొస్తే ఆర్చీ ఎదుటి గట్టున నిలబడి ఉన్నాడు. మొత్తం చూసినట్టున్నాడు. ఈగల మాట అరిచినా బాగుండేది.

డిసెంబరు 10
దిగలేదు.

డిసెంబరు 11
గాలి దిగువకు.
ఆర్చీ నన్ను వెక్కిరిస్తున్నాడు. ఇవాళ కళ్ళారా చూశాను. దిగువగాలికి అతను ఎడమచెయ్యి పైన పెట్టి, తాడును రెండుసార్లు తిప్పే జంట విసురు వేస్తాడు, చక్కగా, చిన్నప్పట్నుంచీ అంతే. ఇవాళ కుడిచెయ్యే పైన పెట్టి, ఆ చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, ఎడమ భుజం మీంచి విసిరాడు. వంకరగా, కుంటివాడిలా. తాడు సగంలోనే కుప్పకూలింది. మళ్ళీ అలాగే. మళ్ళీ.

రెండు చేతులూ బాగున్నవాడికి ఆ విసురుతో ఏం పని? నా అవిటితనాన్ని నాకు చూపిస్తున్నాడు.

డిసెంబరు 14
గాలి దిగువకు. ఇంకా అదే. ఓపిక పట్టలేకపోయాను.
"నవ్వుతున్నావా ఆర్చీ?"
"నేనెక్కడ నవ్వుతున్నానోయ్! మూతి బిగుసుకుపోయి చస్తున్నా, ఈ చలికి!"
"మరి ఆ వేషాలేంటి?"
"నా ఏరు, నా కర్ర, నా ఇష్టం! కళ్ళుంటే చూడు, లేకపోతే పో!"
పోయాను.

డిసెంబరు 18
నీళ్ళు మూడడుగులు, తగ్గుతున్నాయి. గాలి దిగువకు.
గుడిసెలోనే కూర్చున్నాను. ఎఫీ కిటికీలోంచి ఎదుటి గట్టుకేసి చాలాసేపు చూసింది.
"ఆ గట్టు మీద ఎవరో అద్దం పెట్టారు" అంది.
"అద్దం కాదు ఎఫీ. ఆర్చీ."
"అద్దమే. నువ్వు ఇక్కడుంటే అతను అక్కడుంటాడు. నువ్వు రాకపోతే కూర్చుని పైపు కాల్చుకుంటాడు. చూడు, ఇప్పుడు కూర్చున్నాడు. నువ్వు వెళ్ళు, లేస్తాడు."
వెళ్ళలేదు.

డిసెంబరు 19
ఎఫీకి ఈ మధ్య ఏదేదో తోస్తుంది.

డిసెంబరు 20
గాలి దిగువకు. వెళ్ళాను. లేచాడు.

కర్ర తీసి అదే వంకర విసురు వేశాడు. ఈసారి వెక్కిరింపు అనుకోకుండా చూశాను. కుడిచెయ్యి పైన, ఎడమ భుజం మీంచి. అద్దంలో పెడితే ఎడమచెయ్యి పైన, కుడి భుజం మీంచి. అంటే తాడు నాకు దిగువ పక్క. గాలి దాన్ని నాకు దూరంగా కొట్టుకుపోతుంది. కుడిచెయ్యి లేవక్కర్లేదు, బొడ్డు దగ్గర పిడి పట్టుకుంటే చాలు.

అతనికి ఇది రాదు. వచ్చే అవసరం ఎప్పుడూ పడలేదు. ముందు తను నేర్చుకుని, నాకు చూపిస్తున్నాడు.

టోపీ తీసి ఊపుదామనుకున్నాను. ఊపలేదు. అతను కూడా చూడనట్టే ఉన్నాడు.

డిసెంబరు 29
గాలి దిగువకు. పన్నెండు గజాలు. అతనికి పదిహేను. ఇద్దరం సన్నాసుల్లా ఉన్నాం.

జనవరి 2
నీళ్ళు రెండడుగులు, అంచుల్లో మంచు. గాలి దిగువకు.
కొత్త సంవత్సరానికని ఆర్చీ యజమాని లాడ్జికి చుట్టాలొచ్చారు. పదిమంది దాకా గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు, స్పే మీద పేరున్న ఆర్చీ విసురు చూద్దామని. గాలి దిగువకే ఉంది. నేను నీళ్ళలో ఉన్నాను. ఎడమచెయ్యి పైకి మార్చుకుని తన అసలు విసురు వేస్తాడు, వాళ్ళు పోయాక మిగతాది చూద్దాంలే అనుకున్నాను.

మార్చలేదు. నా వైపు చూసి, ఆ వంకర విసురే వేశాడు. తాడు చుట్టలు చుట్టుకుని పడింది. నవ్వులు ఏరు దాటి వినపడ్డాయి. అతను తాడు లాక్కుని మళ్ళీ అదే వేశాడు, ఇంకా మెల్లగా, మణికట్టు నాకు కనపడేట్టు.

నేను చూసి నేర్చుకున్నాను. అంతకంటే ఏం చేయగలను?

జనవరి 8
రొట్టెకు అంగడికి వెళ్ళాను. అంగడామె ఇర్విన్, ముగ్గురు నలుగురు ఊళ్ళోవాళ్ళు.
"విన్నారా లాచీ గారూ? మీ ఎదుటి గట్టాయన చెయ్యి పోయిందట కదా! ముసలమ్మ గంజిలో గరిటె తిప్పినట్టు తిప్పాడట. లాడ్జి వాళ్ళకు నవ్వలేక పొట్టలు పట్టేశాయట!"
"అంత గొప్పలు పోయినవాడు" అన్నారెవరో.
"మీరు రోజూ ఎదురుగా చూస్తుంటారు కదా, నిజమేనా?"
నాకు నలుగురిలో మాట రాదు. ఎప్పుడూ రాలేదు. రొట్టె తీసుకుని, చలిగా ఉందన్నాను.

జనవరి 9
నిజం చెబితే నా భుజం సంగతి బయటికొస్తుంది. సాయంత్రానికి స్ట్రాకన్ గారికి తెలుస్తుంది. ఎఫీ మళ్ళీ ఎవరింట్లోనో మెట్లు వెతుక్కుంటుంది. అందుకని చెప్పలేదు. అంతే, ఇంకేం లేదు.

జనవరి 10
అక్కడే నిలబడి మాట్లాడితే రొట్టె కూడా చల్లారిపోతుంది కదా.

జనవరి 22
నీళ్ళు అడుగున్నర. గాలి దిగువకు. ఇరవై గజాలు. ఎఫీ చప్పట్లు కొట్టింది, ఎవరికో తెలియదు.
ఆర్చీ టోపీ కళ్ళ మీదికి లాక్కుని విసురుతున్నాడు. గట్టు మీది బాటలో పోయేవాళ్ళు ఆగి చూసి, పోతున్నారు.

ఫిబ్రవరి 1
చలి. ఇద్దరం దిగాం. ఏమీ రాయాలని లేదు.

ఫిబ్రవరి 5
నీళ్ళు రెండడుగులు. గాలి పొద్దున ఎగువకు, తర్వాత దిగువకు.
స్ట్రాకన్ గారు పదింటికి వచ్చారు. కొత్త బూట్లు. ఎగువగాలికి ఒంటి విసురు వేశాను, ఇరవై రెండు గజాలు. ఆయన తలూపారు. ఇంతలో గాలి తిరిగింది. చేతులు మార్చలేదు. ఛాతీకి అడ్డంగా తెచ్చి, కుడి భుజం మీంచి జంట విసురు వేశాను. ఇరవై గజాలు, తిన్నగా.
"వింత పద్ధతి" అన్నారు. "కానీ బాగుంది. ఎప్పుడూ ఎడమచెయ్యేనా మీది? కుడిచేత్తో కూడా వేస్తారుగా?"
"వేస్తానండి" అన్నాను.
"చూపిస్తారా?"
"చూపిస్తానండి."
ఆయన ముక్కు నీలంగా ఉంది. "వద్దులెండి, గడ్డకట్టేలా ఉన్నాను. మీరు ఉంటున్నారు, లాచ్లన్ గారూ. ఏరు తెరిచాక వచ్చే సోమవారం నుంచి అతిథులు."

ఆర్చీ ఎదుటి గట్టున చెట్టు వెనక నిలబడ్డాడు. స్ట్రాకన్ గారి కారు వెళ్ళాక రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఒక్కసారే. వెళ్ళిపోయాడు.

ఎఫీకి చెప్పాను, ఇల్లు మనదేనని. "మనది కాకపోతే ఎవరిది?" అంది.

ఫిబ్రవరి 9
హోటలాయన మెల్రోజ్ ఇంటికి వచ్చాడు. ఎల్లుండి చేపల కాలానికి ఏరు తెరుస్తారు కదా. వంతెన దగ్గర అందరూ చేరతారు. ఏట్లో విస్కీ పోస్తారు. ఏడాది మొదటి విసురు ఏటికాపరుల్లో ఒకరు వేస్తారు. వయసు ప్రకారం వంతు. ఈ ఏడు ఆర్చీది, వచ్చే ఏడు నాది.

"ఆర్చీ చెయ్యి అలా అయిపోయాక ఊరందరి ముందూ నిలబెట్టడం పాపం అనిపించింది లాచీ. నలుగురం అనుకుని నీకిద్దామనుకున్నాం. అతనికి కూడా చెప్పాం."
"ఏమన్నాడు?"
"ఏమంటాడు? మంచిదేగా అన్నాడు. లాచీకే ఇవ్వండి, బాగా విసురుతున్నాడీ మధ్య అన్నాడు."
మెల్రోజ్‌కు టీ ఇచ్చాను. కప్పు ఎడమచేత్తో ఇచ్చాను. అతను గమనించలేదు.

ఫిబ్రవరి 10
స్ట్రాకన్ గారు కూడా వస్తారట.
ఒక్క విసురు. వేసి వచ్చేస్తే అయిపోతుంది.

ఫిబ్రవరి 11
నీళ్ళు రెండడుగులు. గాలి దిగువకు.

వంద మంది ఉంటారు. స్ట్రాకన్ గారు ముందు వరసలో. ఎఫీని అంగడామె పక్కన నిలబెట్టాను. బ్యాగ్‌పైపు వాయించారు, ఏట్లో విస్కీ పోశారు. ఆర్చీ వెనకెక్కడో గోడకానుకుని ఉన్నాడు. మెల్రోజ్ నా చేతికి కర్ర ఇచ్చాడు. చెవిలో చెబుతున్నట్టు అన్నాడు, కానీ అందరికీ వినపడేట్టు, "కనీసం ఇది తిన్నగా పోతుంది!" నవ్వారు. ఎవరో గాల్లో గరిటె తిప్పారు. ఇంకా నవ్వారు.

కర్ర పట్టుకుని నిలబడ్డాను. "విసరవయ్యా!" అన్నారు.

నేను మాట్లాడాను. ఏమన్నానో సరిగ్గా రాసుకుంటాను, మళ్ళీ అనలేను.
"చెయ్యి పోయింది నాది. ఆర్చీది కాదు. అక్టోబరు నుంచీ నా కుడి భుజం లేవదు. ఎడమచేత్తో ఎలా విసరాలో నాకు చూపించడానికి అతను అలా విసిరాడు. మీరు నవ్వింది నా విసురును చూసి."
అంతే. కర్ర పట్టుకుని జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆర్చీ చేతిలో పెట్టాను. స్ట్రాకన్ గారి వైపు చూడలేదు.

ఆర్చీ మొహం ఎర్రగా అయిపోయింది. మెచ్చుకుంటాడనుకోలేదుగానీ, ఇంత కోపం వస్తుందనీ అనుకోలేదు.
"నోరు మూసుకుని ఉండలేకపోయావురా నువ్వు?" అన్నాడు, పళ్ళ మధ్యలోంచి. "రెండు నెలలు నీ కోసం ఊరి ముందు వెధవనయ్యాను. ఒక్క పూట ఓపిక పట్టలేక మొత్తం ఏట్లో పోశావు! డెబ్భై ఏళ్ళు నోట్లోంచి మాట రానివాడివి, ఇవాళే రావాలా? ఇప్పుడు ఇల్లు పోతే ఎఫీని ఎక్కడ పెడతావ్? నా టోపీలోనా?"
"నవ్వుతున్నారు కదా" అన్నాను.
"నవ్వితే నాకేం అరిగింది? నవ్వనీ! నవ్వి నవ్వి వాళ్ళే చస్తారు!"

కర్ర లాక్కున్నాడు. కోపంగానే నీళ్ళలోకి దిగాడు. గాలి చూసి ఎడమచెయ్యి పైన పెట్టాడు. తాడును దిగువన పడుకోబెట్టి, ఎగువకు తెచ్చి, మళ్ళీ దిగువకు తిప్పి, తోశాడు. ముప్పై అయిదు గజాలు ఉంటుంది. ఏటి నడుమ రాళ్ళ పక్కన చప్పుడు లేకుండా పడింది. ఎవరూ నవ్వలేదు.

ఎఫీ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. కెటిల్ పెట్టింది. అలసిపోయాను.

ఫిబ్రవరి 12
నీళ్ళు చూడలేదు.
స్ట్రాకన్ గారు వచ్చారు. కూర్చోలేదు.
"మీరు నాకు అబద్ధం చెప్పారు."
"చెప్పానండి."
"వంద మంది ముందు నన్ను వెర్రివాణ్ణి చేశారు."
"అవునండి."
ఎఫీ ఆయనకు టీ తెచ్చింది, పళ్ళెంలో ఓట్ల రొట్టె పెట్టి. చక్కెర ఎంత అని అడిగింది. ఆయన చెప్పారు. డబ్బా తీసి వేసింది, చెంచా తీసి కలిపింది, దేనికీ వెతుక్కోలేదు. ఆయన ఆమెనే చూశారు. తర్వాత కూర్చున్నారు.

"సోమవారం అతిథులు వస్తున్నారు. ఇప్పుడు ఇంకొకర్ని ఎక్కణ్ణించి తేను?" అన్నారు, నాతో కాదు, కప్పుతో. "మార్చి ఆఖరున మళ్ళీ వచ్చి చూస్తాను. అతిథికి కుడిచెయ్యి పాఠం కూడా మీరే చెప్పాలి, మీది లేవకపోయినా. పడవ మీరే నడపాలి. చేయగలిగితే సెప్టెంబరు ముప్పై దాకా ఇల్లు మీదే. తర్వాత సంగతి నాకూ తెలియదు, మీకూ తెలియదు."
సరేనన్నాను. టీ మొత్తం తాగి వెళ్ళారు.

సెప్టెంబరు ముప్పై. ఏడున్నర నెలలు.

ఫిబ్రవరి 13
ఒళ్ళంతా నొప్పులు. భుజం పోయింది. పోయిందనే రాస్తున్నాను.

ఫిబ్రవరి 14
నీళ్ళు అడుగున్నర. గాలి ఎగువకు.
పదకొండింటికి దిగాను. ఎదుటి గట్టున ఆర్చీ అప్పటికే ఉన్నాడు. కర్ర లేదు. గట్టు మీద స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దాచడానికి ఇక ఏమీ లేదు కనుక ఇప్పుడు అరుస్తున్నాడు. బాట మీద ఇద్దరు ఆగారు. ముగ్గురయ్యారు.

"మార్చి ఆఖరికి ఆరు వారాలే ఉందిరా! అదేం ఎత్తడం? బకెట్టు తోడుతున్నావా?"
మళ్ళీ వేశాను.
"మోచెయ్యి! మోచెయ్యి దించరా గాడిదా! రెక్కలా ఎగరేస్తావేంటి? దించు!"

నలభై ఏళ్ళుగా ఈ గట్టున పాఠం చెప్పింది నేను. వినడం ఎలాగో మర్చిపోయాను.
మోచెయ్యి దించాను.